బ్రేకు మీద పెద్దనాన్న కాలు

నా కారు ముసలిదైపోయింది, మార్చెయ్యమని చుట్టాలందరూ అంటారు. నేనూ ముసలిదాన్నే, నన్నెవరూ మార్చెయ్యమనడం లేదు కదా అని ఊరుకుంటాను. మొన్న బరంపురంలో, లంజిపల్లిలో మా వీధి మలుపు తిరుగుతుంటే బ్రేకు మెత్తగా తగిలింది. కాలు బురదలో దిగినట్టు కిందికి పోయింది. వీధి చివర షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు, ఒరియా అతను, పెళ్ళీడుకొచ్చిన కూతురున్నవాడు. అతని దగ్గర ఆపాను. బానెట్ ఎత్తి, చిన్న డబ్బా మూత తిప్పి, నన్ను వంగి చూడమన్నాడు. లోపల ఉన్నది మొదటి డికాషనంత నల్లగా ఉంది. ఇది మార్చి ఎన్నాళ్ళయిందని అడిగాడు. గుర్తు లేదన్నాను. పుట్టింట్లో బ్రేకు ఆయిలుకి పూజంత మర్యాద జరిగేది, నేను చూస్తే ఇలా తయారయ్యాను. చచ్చేంత సిగ్గేసింది.

మూత తియ్యగానే వచ్చిన వాసన మాత్రం నేను మరిచిపోలేదు. కొంచెం తియ్యగా ఉంటుంది, అడుగున ఎక్కడో ఎండుచేప కంపు కొడుతుంది. ఆ వాసనకి నేను ఒక్కసారిగా గౌను వేసుకున్న పిల్లనైపోయాను.

పెడలు నొక్కడానికి ఎవర్ని కూర్చోబెడతావు, నన్ను కూర్చోమంటావా అని అడిగాను. అతను నవ్వి, మూల నుంచి ఒక చిన్న పంపు తెచ్చి చూపించాడు. అదే చక్రం దగ్గర నుంచి పాత ఆయిలంతా లాగేస్తుందట. "రెండో మనిషి అక్కర్లేదు మేడమ్, ఒక్కడినే చేసుకుంటాను" అన్నాడు. పాపం, అతను మంచి మాటే చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అక్కడ ఒక స్టూలు ఉంటే దాని మీద కూర్చుని అటు తిరిగాను.

మా ఇల్లు బరంపురం పాత బజారు వెనక సందులో ఉండేది. కింద గోదాము, పైన కాపురం. పసుపు, చింతపండు టోకు వ్యాపారం. ఆ రెండు వాసనలూ మా బట్టలకీ జుట్టుకీ పట్టేసి ఉండేవి. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల, నీ పుస్తకం తెరిస్తే పులుసు వాసన వస్తోందని ఏడిపించేది. సముద్రం ఒడ్డు పొడంపేట నుంచి ఎండుచేపల బస్తాలు వేసుకుని బళ్ళు ఆ సందులోంచే వెళ్ళేవి. అప్పుడు మా పెద్దమ్మ ముక్కు మీద కొంగు వేసుకుని కిటికీలన్నీ టకటకా మూసేసేది. మేము చేపలు తినేవాళ్ళం కాదు గానీ, ఆ వాసన మాకు బాగా తెలుసు.

తాతయ్య పోయాక ఇంటికీ కొట్టుకీ పెద్ద మా పెద్దనాన్నే. ఆయన తమ్ముడు మా నాన్న. ఇద్దరికీ తాతయ్య వదిలి వెళ్ళిన ముద్దుల సొత్తు ఒక నల్ల కారు. ఎవరో చిన్న జమీందారు వాడి వాడి వదిలించుకుంటే మా తాతయ్య తెచ్చుకున్నదది. ఆ కారు తోలడం పెద్దనాన్న పని. బాగుచెయ్యడం నాన్న పని. పెద్దనాన్నకి బానెట్ కింద ఏముందో తెలీదు. నాన్నకి అన్నీ తెలుసు గానీ ఆయన తోలితే నాయనమ్మ ఎక్కేది కాదు. వాడు కారుతో మాటాడుకుంటూ తోలతాడే, రోడ్డు సూడడు అనేది.

విశ్వకర్మ పూజ మా ఇంట్లో వినాయక చవితికంటే పెద్దది. తెలుగువాళ్ళకి ఆ పూజేమిటని ఇచ్ఛాపురం చుట్టాలు వెక్కిరించేవారు. బరంపురంలో కాటాలూ బళ్ళూ ఉన్నవాడెవడూ ఆ పూజ మానడు, మేమూ మానలేదు. పూజకి ముందు రోజు కారు కడిగి, చక్రాలు విప్పి, బ్రేకు ఆయిలు మార్చాలి. అది తాతయ్య పెట్టిన రివాజు. కటకం నుంచి తెప్పించిన కొత్త డబ్బా తెచ్చి నాన్న ఎత్తున బల్ల మీద పెట్టేవాడు. మమ్మల్ని దాని దరిదాపులకి రానిచ్చేవాడు కాదు.

"మూత తియ్యకండ్రా. ఇది గాలిలో నీల్లు తాగేస్తాది. ఓ పాలి తాగిందంటే ఇంక పనికిరాదు" అనేవాడు.

గాలిలో నీళ్ళు తాగే నూనె ఎలా ఉంటుందో చూడాలని మాకు మహా ఇదిగా ఉండేది.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకళ్ళు కారులో కూర్చుని పెడలు రెండు మూడు సార్లు నొక్కి, కిందికి అదిమి పట్టుకోవాలి. రెండోవాళ్ళు కారు కింద దూరి, చక్రం వెనకున్న చిన్న మర వదులు చెయ్యాలి. పాత ఆయిలు, దాంతోపాటు లోపల ఇరుక్కున్న గాలి బుడగలు చిమ్ముకుంటూ బయటికి వస్తాయి. మళ్ళీ మర బిగించాకే పైవాళ్ళు కాలు తియ్యాలి. ముందే తీశారా, ఆ కన్నంలోంచి బయటి గాలి లోపలికి పోతుంది, చేసిన పనంతా మట్టి. అందుకని కిందవాడు చెప్పకుండా పైవాడు కాలు కదపకూడదు. మా ఇంట్లో కింద నాన్న, పైన పెద్దనాన్న. బానెట్ దగ్గర పెద్దమ్మ నిలబడి, డబ్బాలో ఆయిలు తగ్గకుండా దీపంలో నూనె పోసినట్టు సన్నగా పోస్తూ ఉండేది.

పెద్దనాన్న చెప్పులు బయట విడిచి ఎక్కేవాడు. తోలుచెప్పుకేం తెలుస్తుంది, అరికాలికి తెలియాలి అనేవాడు. ఆయన కుడికాలి బొటనవేలి గోరు నల్లగా ఉండేది. ఎప్పుడో పసుపు బస్తా పడిందట. కింది నుంచి నాన్న "నొక్కు" అనేవాడు. తరవాత "పట్టు" అనేవాడు. పైనుంచి పెద్దనాన్న "హఉ" అనేవాడు. సరే అనడానికి ఒరియా మాట అది. మా ఇంట్లో తెలుగులో సరే అన్నవాళ్ళని నేను చూడలేదు. మర బిగించాక "ఒదులు" అని వినబడేది. ఒక చక్రం తరవాత ఒక చక్రం, నొక్కు, పట్టు, హఉ, ఒదులు. మధ్య మధ్య అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవారు. నువ్వు నిద్దరపోయేవేటని కింది నుంచి ఈయన, నువ్వక్కడే కాపురం పెట్టీలాగున్నావని పైనుంచి ఆయన. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ముఢీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఘుగుని అనే బఠాణీ కూర కలిపి మాకు దోసిళ్ళలో పోస్తూ, కొడుకుల మాటలు వింటూ ముసిముసిగా నవ్వేది.

ఒక ఏడాది మా అన్న, అంటే పెద్దనాన్న కొడుకు, చీపురుపుల్ల పాత ఆయిలులో ముంచి కారు వెనక రెక్క మీద తన పేరులో మొదటి అక్షరం రాశాడు. బోలెడంత గర్వంగా నాకు చూపించాడు. తెల్లారేసరికి అక్కడి రంగు పొక్కిపోయి, లోపలి ఇనుము బయటపడింది. ఆ ఆయిలు రంగును తినేస్తుందని మాకేం తెలుసు. వాడు భయంతో గోదాములో బస్తాల వెనక దాక్కున్నాడు. నాయనమ్మ వచ్చి చూసింది. పూజ పళ్ళెంలోంచి పసుపు, కుంకుమ తీసి ఆ మచ్చ మీద అరచెయ్యంత బొట్టు పెట్టేసింది. పూజంతా అయ్యాక కూడా పెద్దనాన్న చూడలేదు. ఆ తరవాత ప్రతి పూజకీ ఆ చోట బొట్టు పెట్టడం ఆచారమైపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తరవాత వచ్చిన భాద్రపదంలో ఇచ్ఛాపురంలో తాతయ్య వరసాయన ఎవరో పోయారు. మేము మొహం చూసి ఎరగని మనిషి. మైల వచ్చింది. మైలలో పూజ లేదు. పూజ లేదు కనక కారు కడగలేదు. కారు కడగలేదు కనక బ్రేకు ఆయిలు మార్చలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మైల మనుషులకి గానీ బ్రేకులకేమిటి? అప్పుడు మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. అంతా తెలిసిన నాన్నకీ తట్టలేదు.

కార్తీకంలో నాయనమ్మ తప్తపాణి ఉడుకు గుండంలో స్నానం చేస్తానంది. పెద్దనాన్నకి ఆ పైన కొండల్లో ఒక షావుకారుతో పని ఉంది. కారులో ముందు పెద్దనాన్న, నాన్న. వెనక నాయనమ్మ, పెద్దమ్మ, అన్న, నేను. అమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. స్నానమైంది, పైన పనీ అయింది, పులిహోర పొట్లాలు ఖాళీ అయ్యాయి. ఘాటీ, అదే కొండదారి, దిగుతుంటే ముందు ఒక వెదురు లారీ అడ్డం పడింది. దారి ఇవ్వదు, వేగంగా పోదు. పెద్దనాన్న దిగువ పొడుగునా బ్రేకు మీద కాలు తియ్యకుండా దాని వెనకాలే తోలాడు. ఒక మలుపు దగ్గర ఆయన కాలు నేల దాకా పోయిన చప్పుడు నాకు వెనక సీట్లోకి వినిపించింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే చప్పుడు. లారీ వెదుళ్ళు మా అద్దం మీదికి వచ్చేస్తున్నాయి. స్టీరింగు గిరుక్కున తిప్పి కారును కొండవైపు కంకర గుట్టలోకి ఎక్కించేశాడు.

ఎవరికీ ఏమీ కాలేదనే చెప్పాలి. పెద్దమ్మ నుదురు ముందు సీటుకి కొట్టుకుని చిట్లింది. నాయనమ్మ తడిచీర మూటతో ఆ రక్తం అద్దుతోంది. పెద్దనాన్న రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, దిగమంటే దిగలేదు. చివరికి దిగాడు. టీ కొట్టు దగ్గర్నుంచి జనం పోగయ్యారు. వాళ్ళందరి ముందూ నాన్న వైపు తిరిగాడు.

"బ్రేకాయిలు మార్సేవా?"

"మైల్లో ఎవుడు మారుస్తాడు? కొండ దిగినంత సేపూ బ్రేకు మీద కాలు తియ్యకుండా తోలింది ఎవుడు?" అన్నాడు నాన్న.

ఇద్దరిదీ నిజమే. వానాకాలమంతా చెమ్మ తాగిన ఆయిలు, దిగువంతా కాలిన బ్రేకు. ఆ రెండూ కలిస్తే ఆయిలు లోపల మరిగి ఆవిరైపోతుంది, పెడలు కింద ఏమీ మిగలదు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు క్షేమంగా దిగేవాళ్ళం. కానీ అన్నయ్యని పట్టుకుని పదిమందిలో "ఎవుడు" అన్నాడు నాన్న. భార్య నెత్తురు చూసి అదిరిపోయిన మనిషిని అన్నాడు. పెద్దనాన్న నోరు తెరిచి, మూసేశాడు. ఇంటికి వచ్చేదాకా మూసుకునే ఉన్నాడు. ఆ తరవాత కూడా నాన్నతో మాట్లాడలేదు.

అలా మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఒకే కొట్టు, ఒకే వంట, ఒకే వరసలో కూర్చుని భోజనం. మాట మాత్రం లేదు. తప్పు మాటన్నవాడు తమ్ముడు కనక వాడే ముందు పలకరించాలని పెద్దమ్మ. పదిమందిలో నిలదీసింది అన్నగారు కనక ఆయనే పలకరించాలని అమ్మ. నాయనమ్మ ఎటూ చెప్పలేదు. కొడుకులిద్దరికీ మధ్య కూర్చుని, ఈ పక్కవాడి అన్నంలోనూ ఆ పక్కవాడి అన్నంలోనూ నెయ్యి వేసేది. మాటల్లేని కొంపలు నిలవవని ఆవిడకి భయం. సందులో అప్పటికే రెండు ఇళ్ళ మధ్య గోడలు లేచాయి. మా ఇంట్లో గోడ లేవకుండా చూడడమే ఆవిడకి ఇంక మిగిలిన పని.

మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. ముందు రోజు నాన్న కారు జాకీ మీద ఎక్కించి కింద దూరాడు. ఎవరూ పిలవకుండానే పెద్దనాన్న మెట్లు దిగి వచ్చి, చెప్పులు విడిచి, కారులో కూర్చున్నాడు. పెద్దమ్మ ఆయిలు డబ్బా పట్టుకుని నిలబడింది. ఆఖరికి కింది నుంచి నాన్న, నొక్కమను వదినా అన్నాడు. నొక్కమంటన్నాడు అంది పెద్దమ్మ. నొక్కేనని సెప్పు అన్నాడు పెద్దనాన్న. నొక్కేరట అంది పెద్దమ్మ. అన్నా నేనూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాం. నాయనమ్మ మమ్మల్ని కసిరింది. అసలు ఆవిడ పెదాలే ఆగడం లేదు.

మొదటి చక్రం ఎలాగో అయింది. రెండోదాని దగ్గర పెద్దమ్మ ఆయిలు పోస్తూ పరధ్యానంలో పడింది. కింది మాట పైకి వెళ్ళలేదు. పెద్దనాన్న ఇంకెంత సేపని కాలు సడలించాడు. గుడగుడమని గాలి పీల్చిన చప్పుడు.

"ఒదలకు అన్నయ్యా" అని నాన్న కింది నుంచి గట్టిగా అరిచాడు.

పెద్దమ్మ చేతిలో ధార ఆగిపోయింది. కాసేపటికి కారులోంచి పెద్దనాన్న గొంతు వచ్చింది.

"హఉ."

ఇక పెద్దమ్మతో పని పడలేదు. నొక్కు, పట్టు, హఉ, ఒదులు. వెనకటిలా ఎకసెక్కాలు లేవు, ఆ నాలుగు మాటలే. నాయనమ్మ లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని బూరెలకి పప్పు నానబోసింది. ఆ రాత్రి వరసలో కూర్చున్నప్పుడు అందరం అన్నం మానేసి ఇద్దరి మొహాలూ చూస్తున్నాం. పెద్దనాన్న పులుసు పోసుకుని తిన్నాడు, నాన్న మజ్జిగ పోసుకుని తిన్నాడు, ఎవరి చెయ్యి వాళ్ళు కడుక్కుని లేచిపోయారు. బూరెలు మేము తిన్నాం.

నాయనమ్మ మామూలు మనిషా? ఆవిడకి దారి దొరికింది. నెల తిరక్కుండా, గుడికి వెళ్ళి వస్తూ, బ్రేకు మెత్తబడినట్టుందిరా అంది. ఆవిడ కూర్చునేది వెనక సీట్లో. పెడలు ఎక్కడుంటుందో కూడా ఆవిడకి తెలుసో లేదో. నాన్న ఏమీ వాదించలేదు. మర్నాడు కారు కింద దూరాడు. పెద్దనాన్నా వచ్చి చెప్పులు విడిచాడు. నొక్కు, పట్టు, హఉ, ఒదులు. కొన్నాళ్ళు గడిచాక, గోపాల్‌పూర్ సముద్రం చూసి వస్తూ మళ్ళీ అదే మాట అంది. మంచి ఆయిలు, నీళ్ళలాగా తేటగా ఉన్నది, తీసి పారబోసి కొత్తది పోసేవారు. బ్రేకులు రాయిలా గట్టిగా ఉన్నాయని తోలే పెద్దనాన్నకి తెలీదా? విప్పే నాన్నకి తెలీదా? ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ముసలావిడ మాట పట్టుకుని వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చునేవారు. ఆ నాలుగు మాటలకీ ఇద్దరూ మొహం వాచి ఉన్నారని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ఆ రోజున ఇంట్లో అందరూ ఎందుకంత మంచిగా ఉంటారో తెలిసేది కాదు.

ఇలా ఒకటి రెండేళ్ళు నడిచింది. నాయనమ్మ ఓపికకి ఇంకొన్నాళ్ళలో ఆ నాలుగు మాటలూ అయిదయ్యేవి, ఆరయ్యేవి. నేను ఇప్పటికీ అదే నమ్ముతాను.

ఆ తరవాతి వానాకాలంలో పెద్దనాన్నకి మోకాలు పట్టేసింది. గోడ పట్టుకుని మెట్లెక్కేవాడు. కుడికాలు. నాన్న కింద గోదాములో నిలబడి, అన్నగారు మెట్లెక్కినంత సేపూ చూసి, పైన తలుపు చప్పుడయ్యాక కాటా దగ్గరికి వెళ్ళేవాడు. సరుకు తెచ్చే లారీ డ్రైవరు ఒకతను నాన్నకి ఒక కిటుకు నేర్పాడు. చక్రం దగ్గరి మరకి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండో చివర సీసాలో కొత్త ఆయిలులో ముంచి ఉంచితే చాలు. పైనుంచి కాలు తీసినా గొట్టం ఆయిలునే వెనక్కి పీల్చుకుంటుంది, గాలిని పీల్చదు. ఒక్క మనిషే పైకెక్కి నొక్కి, మళ్ళీ కింద దూరి మర బిగించుకోవచ్చు.

పూజకి ముందు రోజు పొద్దున్నే నాన్న సీసా, గొట్టం పట్టుకుని బయల్దేరాడు. ముందుగా బావగారికో మాట చెప్పించండి అంది అమ్మ. ఏమని చెప్పిస్తాను, మోకాలు నొప్పి మనిషిని ఎందుకు దింపడం, పనయ్యాక తెలుస్తుందిలే అన్నాడు నాన్న. నేను అమ్మ పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

పైన పెద్దనాన్న స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, పిలుపు కోసం కూర్చున్నాడు. పిలుపు ఎప్పుడూ లేదు గానీ జాకీ చప్పుడు వినబడేది, అదే పిలుపు. ఆ రోజూ జాకీ చప్పుడు విని దిగాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచేశాడు. వాకిట్లోకి వచ్చేసరికి మూడు చక్రాల పని అయిపోయి ఉంది. నాన్న ఆఖరి చక్రం దగ్గర కింద ఉన్నాడు. కారులో ఎవరూ లేరు. నేల మీద సీసా ఉంది, సీసాలోంచి గొట్టం ఉంది, గొట్టంలో పాత ఆయిలు కదులుతోంది. పెద్దనాన్న దాన్ని చాలాసేపు చూశాడు. అన్నా నేనూ అరుగు మీద ఉన్నాం. నాయనమ్మ గుమ్మంలో ఉంది.

"నానక్కర్లేదేట్రా ఇంక?" అన్నాడు పెద్దనాన్న.

ఎంతో నెమ్మదిగా అన్నాడు. తప్తపాణి ఘాటీ తరవాత ఆయన నాన్నని అడిగిన మొదటి మాట అది. నాయనమ్మ చెయ్యి గుమ్మం పట్టుకుంది. కారు కింద నుంచి జవాబు రాలేదు. పెద్దనాన్న ఆగాడు. ఇంకా ఆగాడు. తరవాత తిరిగి, గోడ పట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. సాయంత్రం పెద్దమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

దసరా వెళ్ళాక పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. దీపావళికి వాకిట్లో ఇటుకలు దిగాయి. గోడ సరిగ్గా కారు నిలబెట్టే చోట లేచింది. కారు మాకొద్దంటే మాకొద్దని ఇద్దరూ అన్నారు. చమఖండి చేపల వ్యాపారి ఒకతను వచ్చి తీసుకుపోయాడు. వెనక సీటు పీకేసి గంపలు పెట్టుకుంటాడట. కారు సందు మలుపు తిరుగుతుంటే వెనక రెక్క మీద నాయనమ్మ పెట్టిన బొట్టు కనబడింది. మా అన్న గోడకి అవతల నిలబడి ఏడ్చాడు, నేను ఇవతల ఏడ్చాను.

విచిత్రం ఏమిటంటే, గోడ లేచాక వాళ్ళకి మాటలు వచ్చాయి. బాగున్నావా, వాన పడేలా ఉంది, పసుపు రంగు తిరిగింది. సందులో పరాయివాళ్ళతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడుకునేవారు. పెళ్ళిళ్ళకి పిలుచుకున్నారు, పెట్టుకున్నారు. నాయనమ్మ కొన్నాళ్ళు ఇటూ కొన్నాళ్ళు అటూ ఉండేది. ఆఖరిరోజుల్లో ఆవిడ మంచానికి చెరో పక్కా కొడుకులిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆవిడ కళ్ళు తెరిచి, "బ్రేకు మెత్తబడిందిరా, సూడండి" అంది. అప్పటికి కారు వెళ్ళి ఏళ్ళయింది. పెద్దనాన్న తల వంచుకుని "హఉ అమ్మా" అన్నాడు. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాకు నాన్న మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆ రోజు అన్నగారు నోరు తెరిచి అడిగితే పలకలేదు, ఇవాళ తల్లి అడిగితే లేచిపోయాడు, ఎంత రాతి గుండె ఈయనది అనుకున్నాను.

పెద్దనాన్న పోయిన తరవాత, దినాలన్నీ అయ్యాక, ఒక మధ్యాహ్నం నాన్న నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చెప్పాడు. నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ మరకి రబ్బరు టోపీ ఒకటుంటాదమ్మా, సిన్నది. మట్టి పడకుండా. ఓ సేతిలో స్పానరు, ఓ సేతిలో సీసా. టోపీ పడిపోతాదని పల్ల మధ్య పట్టుకున్నాను. అన్నయ్య అడిగేడు. టోపీ ఉమ్మేసి పలుకుదునా, మర బిగించలేదు, సీసా ఒదిలితే గాలి పోతాది. బిగించి పలుకుదారనుకున్నాను. ఎంతసేపమ్మా, రెండు తిప్పులు. కింద నుంచి నాకు అన్నయ్య పాదాలే కనబడతన్నాయి. ఆ నల్లగోరు. నాను బిగిస్తన్నాను, పాదాలు తిరిగిపోయాయి."

మరి తరవాత చెప్పొచ్చు కదా నాన్నా, మెట్లెక్కి వెళ్ళి చెప్పొచ్చు కదా అన్నాను. ఇన్నేళ్ళున్నాయి కదా అన్నాను. గోడ కట్టకముందు నోరు రాలేదట. గోడ కట్టాక ఒకసారి చెబుదామనే వెళ్ళాడట. పెద్దనాన్న కూర్చోమని కుర్చీ వేశాడట, కాఫీ ఇప్పించాడట, బాగున్నావా అన్నాడట. అంత మర్యాద చేసే మనిషికి ఆ రోజు నోట్లో రబ్బరు టోపీ ఉండి పలకలేదని ఎలా చెప్పడం? వాన సంగతి మాట్లాడి వచ్చేశాడట. నాన్న కాఫీ సగంలో ఆపేసి, గ్లాసు కింద పెట్టి, అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నాన్న పోయి కూడా చాలా కాలమైంది. ఆ మధ్యాహ్నం ఏం చెప్పి ఉండాల్సిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మోకాలు నొప్పి చూడలేక చేసిన పని. ముందొక మాట చెప్పించి ఉంటే చాలు. ఏ పిల్లని పైకి పంపినా చాలు. నేను అక్కడే ఉన్నాను, నన్ను పంపినా వెళ్ళేదాన్ని.

షెడ్డులో మెకానిక్ పని ముగించి, పంపు గొట్టం చుట్టేసి, ఒకసారి కారులో కూర్చుని నొక్కి పట్టుకోండి మేడమ్, ఎక్కడైనా కారుతోందేమో చూస్తానన్నాడు. నేను లేచి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి ఎక్కాను. అతను వింతగా చూశాడు. రెండు మూడు సార్లు నొక్కి అదిమి పట్టాను. పెడలు ఇటుకలా గట్టిగా తగిలింది. అరికాలికి తెలుస్తుందని పెద్దనాన్న ఎందుకనేవాడో తెలిసింది. కారు కింద నుంచి, పట్టుకున్నారా అని అతను అడిగాడు.

"హఉ" అన్నాను.

అతను నాలుగు చక్రాలూ చూసుకుని, ఇవతలికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ కుళాయి వైపు వెళ్ళిపోయాడు. వదలమని చెప్పలేదు. చెప్పాలని అతనికేం తెలుసు. మోకాలు లాగడం మొదలైంది. నేను మాత్రం కింది నుంచి "ఒదులు" అన్న ఆ ఒక్క మాట వినబడుతుందేమోనని అలాగే పట్టుకుని కూర్చున్నాను.